ఊ కొట్టిన మనిషి

ఊ కొట్టడంలో కళ్ళద్దాలాయన్ని మించినవాళ్ళు లేరు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో భార్య చెప్పిన మాటల్లో సగానికి పైగా ఆయన చెవిన పడలేదు గానీ, ఒక్కదానికీ ఊ తప్పలేదు. పేపరు చదువుతూ ఊ, గడ్డం గీసుకుంటూ ఊ, కుర్చీలో కునుకు తీస్తూ కూడా ఊ. ఆవిడ వాక్యం ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ పడుతుంది. ఆ ఊ వెనక మనిషి లేడని ఆవిడకూ తెలుసు. తెలిసే చెప్పుకుపోతుంది, గోడతో చెప్పుకుంటే గోడ ఆ మాత్రం కూడా అనదు కదా అని.

ఇంట్లో ఆ ఊ వల్ల జరిగినవన్నీ చిన్న చిన్న నష్టాలే. చాలాసార్లు పాలు పొంగిపోయాయి. ఓసారి నీళ్ళ ట్యాంకు పొర్లి మెట్లన్నీ తడిశాయి. ఇంకోసారి ఒక పెళ్ళికి ఒకరోజు ఆలస్యంగా వెళ్ళి, మడతపెట్టిన కుర్చీలను చూసి వచ్చారు. నలుగురూ కూర్చున్నప్పుడు చెప్పుకుని నవ్వుకోడానికి పనికొచ్చే కథలు. కానీ మూడు నెలల కిందట ఒక సోమవారం పొద్దున జిమ్ములో ఆయన అన్న ఒకే ఒక్క ఊ వల్ల బావ చెయ్యి విరిగింది. అది ఎవరికీ చెప్పుకోలేని కథ. ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు.

బావ అంటే భార్యకు స్వయానా అన్న. వడ్రంగి. తలుపు గానీ కిటికీ గానీ ఆయన చేస్తే, రెండు చెక్కలు కలిసిన చోట గోరు దూరదు. పనిశాల వెనక గదిలోనే ఒంటరిగా ఉంటాడు. వయసు యాభై ఆరు. కళ్ళద్దాలాయన కన్నా నాలుగేళ్ళు పెద్ద. అయినా ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు, మొహమాటం లేకుండా తిట్టుకుంటారు.

జిమ్ము గోల మొదలైంది బావ వల్ల కాదు. కళ్ళద్దాలాయన ఒకరోజు తన కళ్ళద్దాల షాపులో ఫ్రేముల పెట్టె ఎత్తబోయి, నడుం పట్టేసి, వంగినవాడు వంగినట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వారం తర్వాత నడుం సర్దుకున్నాక డాక్టరు, "చేతులు ఆనించకుండా ఆ కుర్చీలోంచి లేవండి చూద్దాం" అన్నాడు. ఇదేం పరీక్ష అని నవ్వుతూ లేవబోయాడాయన. లేవలేకపోయాడు. రెండోసారి ఊగి లేచాడు.

"యాభై దాటాక మనకి తెలీకుండానే కండ కరిగిపోతుందండీ. నడక మంచిదే, కానీ నడకొక్కటే చాలదు. బరువులెత్తాలి" అన్నాడు డాక్టరు.

కుర్రకారు మధ్యకి ఒక్కడే వెళ్ళడానికి సిగ్గేసింది. బావను అడిగాడు. "పొద్దస్తమానం దుంగలెత్తేవాణ్ణి, మళ్ళీ అక్కడికొచ్చి ఇనుము ఎత్తాలా? నాకేమన్నా పిచ్చా?" అన్నాడు బావ. అప్పుడు చెల్లెలు రంగంలోకి దిగింది. "నీ కోసం కాదన్నయ్యా, ఈయన కోసం వెళ్ళు. ఒక్కరే అయితే మూడోరోజుకి మానేస్తారు" అంది. చెల్లెలి మాట బావ ఏనాడూ తీసేసి ఎరగడు. అలా వచ్చాడు. తన కోసం వచ్చాడు. తర్వాతి రోజుల్లో కళ్ళద్దాలాయన్ని లోలోపల ఎక్కువగా తినేసింది ఈ ముక్కే.

జిమ్ములో నేర్పే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. వీళ్ళిద్దరూ ఆమెకి కోచమ్మ అని పేరు పెట్టారు. మొదటి రోజే ఆమె ఒక నియమం చెప్పింది. బెంచీ మీద పడుకుని రాడ్డు ఎత్తే మనిషికి తల వెనక ఇంకో మనిషి నిలబడాలి. ఎత్తేవాడు అలిసిపోయి "పట్టావా?" అని అడిగితే, వెనకున్నవాడు రెండు చేతులతో రాడ్డు పట్టుకోవాలి. పట్టుకున్నాకే "నాది" అని గట్టిగా అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే కింద మనిషి చేతులు సడలించాలి.

"ఆ, ఊ, సరే, ఇవేవీ కుదరవు. 'నాది' అంటే బరువు మీ చేతుల్లోకి వచ్చిందని. అర్థమైందా?" అంది కోచమ్మ.

"బావాబావమరుదుల మధ్య నాదీ నీదీ ఏంటి తల్లీ, అవి వాటాలు వేసుకునేటప్పటి మాటలు" అన్నాడు బావ. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. కోచమ్మ నవ్వలేదు.

ఓ పదిరోజులు బుద్ధిగా 'నాది' అన్నారు. ఆ తర్వాత ఆ మాట అనాలంటే నవ్వొచ్చేది, నవ్వొస్తే రాడ్డు ఊగేది. కోచమ్మ అటు తిరిగినప్పుడల్లా మానేశారు. మెల్లిగా 'నాది' పోయి, దాని చోట్లోకి కళ్ళద్దాలాయన ఇంటి ఊ వచ్చి కూర్చుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. కళ్ళద్దాలాయన ఇప్పుడు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేస్తున్నాడు. అవసరం లేకపోయినా లేచి కూర్చుని చూపిస్తున్నాడు. బావకి మోకాళ్ళ నొప్పి పోయింది. "ఇన్నాళ్ళూ నాకు బలం ఉందనుకున్నాను బావా, ఉన్నది అలవాటే. బలం ఇప్పుడొస్తోంది" అని పనిశాలకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. బలవంతం మీద వచ్చినవాడు, ఆరింటికల్లా జిమ్ము గుమ్మం ముందు నిలబడి బావమరిది ఆలస్యానికి తిట్టే స్థితికి వచ్చాడు.

ఆ సోమవారం బావ మొదటిసారి అరవై కిలోలు వేయించుకున్నాడు. కళ్ళద్దాలాయన వెనక నిలబడ్డాడు. పక్క గోడకి నిలువెత్తు అద్దం. బావ నాలుగోసారి ఎత్తుతుండగా ఈయన కన్ను అద్దం మీద పడింది. చొక్కా చేతి కింద, భుజానికీ మోచేతికీ మధ్య, కండ తేలిన గీత ఒకటి. నిన్నటిదాకా లేదు. యాభై రెండేళ్ళలో ఎప్పుడూ లేదు. పొట్ట లోపలికి లాక్కుని, చెయ్యి కాస్త తిప్పి చూసుకున్నాడు. ఉంది. నిజంగానే ఉంది.

"పట్టావా బావా?"

"ఊ."

బావ చేతులు సడలించాడు.

ఆ తర్వాతదంతా రెప్పపాటులో అయిపోయింది. గుండె మీద పడాల్సిన రాడ్డును బావ ఎడమ చేత్తో ఎలాగో అడ్డుకున్నాడు. కుడి పక్క ఒరిగింది, ప్లేట్లు జారి నేల మీద దబ్బున పడ్డాయి, రాడ్డు కింద కుడి మణికట్టు వెనక్కి మడతపడింది. బావ అరిచిన అరుపుకి జిమ్ములో యంత్రాలన్నీ ఆగాయి.

కోచమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఎలా జరిగింది? ఎవరు వదిలారు?"

"బావ ఊ అన్నాడు కదా అని వదిలానమ్మా" అన్నాడు బావ, పళ్ళ బిగువున.

అందరి కళ్ళూ ఇటు తిరిగాయి. పదిమంది కుర్రాళ్ళు, కోచమ్మ, అద్దంలో మళ్ళీ అంతమంది.

"నేనా? నేనేం అనలేదే బావా" అన్నాడు కళ్ళద్దాలాయన.

ఆ మాట కూడా ఊ వచ్చినట్టే వచ్చింది, వెనక మనిషి లేకుండా. వచ్చేశాక వెనక్కి తీసుకోడానికి క్షణం టైముంది. ఆ క్షణాన్ని వదిలేశాడు. బావ నొప్పిలోనే ఆయన మొహంలోకి ఒకసారి చూసి, "అలాగా. నాకే అలా వినిపించిందేమో" అన్నాడు. అంతే, నమ్మేశాడు. చెల్లెలి మొగుడు అబద్ధమాడతాడన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

మణికట్టు ఎముక చిట్లింది. ఐదు వారాలు కట్టు. ఆ ఐదు వారాలూ కళ్ళద్దాలాయన బావకు చేసిన సేవ అంతా ఇంతా కాదు. పొద్దున్నే వెళ్ళి చొక్కా గుండీలు పెట్టేవాడు, క్యారియరు పట్టుకెళ్ళేవాడు, గోళ్ళు కూడా తీశాడు. "సొంత తమ్ముడైనా ఇంతలా చెయ్యడు" అని భార్య అందరికీ చెప్పి మురిసిపోయింది. ఆవిడ మెచ్చుకున్న ప్రతిసారీ ఆయన సగం అన్నం వదిలేసి లేచిపోయేవాడు. కట్టు విప్పాక చెప్పేద్దాం అనుకున్నాడు. కట్టు విప్పారు. నొప్పి తగ్గాక చెబుదాం అనుకున్నాడు. నొప్పి తగ్గింది. చెయ్యి ఎలాగూ బాగైపోయింది, ఇప్పుడు పాతవి తవ్వుకోవడం దేనికి అనుకున్నాడు. జిమ్ముకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఆ అద్దం ముందు నిలబడే మొహం లేదు.

ఒక గురువారం సాయంత్రం భార్య వంటింట్లో ఏదో చెబుతోంది. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఊ కొడుతున్నాడు. ఆవిడ గొంతు మధ్యలో తెగింది. తలెత్తి చూస్తే, పొయ్యి కట్టేసి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"ఏమైందే?"

"ఇప్పటిదాకా చెప్పిందేంటి మరి? అన్నయ్య పనిశాల మూసేస్తున్నాడు. పెద్ద మోటారు రంపం ఎవరో పని నేర్పే బడివాళ్ళకి ఇచ్చేస్తున్నాడట. ఆదివారం వ్యాను వస్తుంది."

"చెయ్యి బాగైందిగా?"

"చెయ్యి గురించి కాదండీ. చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాడట, మనకి చెప్పకుండా. చెవులు నిక్షేపంలా ఉన్నాయన్నాడట ఆయన. అయితే బుర్రే అని తేల్చేసుకున్నాడు. ఎవరూ అనని మాట వినిపించే మనిషి రంపం దగ్గర నిలబడకూడదు చెల్లాయ్ అంటున్నాడు." ఆవిడ మళ్ళీ కళ్ళొత్తుకుంది. "నాన్నకి మొదలైంది ఇలాగే కదండీ. ఎవరో పిలిచారు, ఎవరో పిలిచారు అనేవాడు. రెండేళ్ళు తిరక్కుండా నన్నే పోల్చుకోలేదు."

మామగారి ఆఖరి రోజులు ఆయనకు గుర్తున్నాయి. కూతుర్ని పట్టుకుని, నువ్వెవరమ్మా అని మర్యాదగా అడిగిన మనిషి.

"మొదట నేను మీ ఊయే అనుకున్నాను. ఆ ఊ నాకు తెలీంది కాదుగా. కానీ మీరు అనలేదన్నారు కాబట్టి..." అని ఆవిడ వాక్యం అక్కడ ఆపేసింది. ఊ పడాల్సిన చోటు అది. పడలేదు. చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి అని లోపల ఎవరో పోరుతున్నారు. ఆయన లేచి మంచినీళ్ళు తాగి, షాపులో పనుందని వెళ్ళిపోయాడు. అంతకన్నా ఎక్కువగా తనను తాను అసహ్యించుకున్న సాయంత్రం ఆయన జీవితంలో లేదు.

షాపులో ఒక పెద్దాయన కళ్ళ పరీక్షకి వచ్చి కూర్చున్నాడు. కళ్ళద్దాలాయన ఒక అద్దం తీసి ఇంకోటి వేస్తూ, "ఇప్పుడు కనబడుతోందా?" అని అడిగాడు. "ఆ, ఆ, బ్రహ్మాండంగా" అన్నాడు పెద్దాయన, అక్షరాల వంక చూడకుండానే.

"ఊరికే ఆ అనకండి సార్! మీ మాట నమ్మి నేను అద్దం కోస్తాను. కనబడకపోతే కనబడలేదనండి, తప్పేముంది?" అని ఈయన కసిరాడు. ఇలా రోజుకి నలుగుర్నైనా కసురుతాడు. ఆవేళ మాత్రం కసిరాక చేతిలో అద్దం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏమైందండీ, నా కళ్ళు అంత పాడయ్యాయా?" అని పెద్దాయన కంగారుపడ్డాడు.

"మీవి కాదు లెండి" అన్నాడాయన.

ఆదివారం పొద్దున పనిశాలకు వెళ్ళేసరికి బావ అన్నీ సర్ది పెట్టాడు. గోడ మీద ఉలులు వరసగా, చెక్క నునుపు చేసే తోపడాలు గుడ్డలో చుట్టి, నేల ఊడ్చి. ఆ నేల మీద రంపప్పొట్టు లేకుండా కళ్ళద్దాలాయన ఎప్పుడూ చూడలేదు. మధ్యలో పెద్ద రంపం, బ్లేడు బిగించిన వెడల్పాటి ఇనుప బల్ల. దాని మోటారు విప్పి పక్కన పెట్టి ఉంది.

"పదకొండింటికొస్తారట. ఇద్దరం చెరో పక్కా పడితే గుమ్మం దాకా చేర్చేయొచ్చు. రా, నీ కండలు దేనికి మరి, అద్దంలో చూసుకోడానికేనా?" అన్నాడు బావ.

వేళాకోళానికే అన్నాడు. కళ్ళద్దాలాయన మాత్రం చొక్కా చేతుల్ని మోచేతుల కిందికి లాక్కున్నాడు.

మొదటి విడత ఎదురెదురుగా వంగి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకటి, రెండు, మూడు అని ఎత్తారు. కోచమ్మ చెప్పినట్టు నడుం నిటారుగా, బరువంతా తొడల మీద. గది సగం దాటారు. దించి ఊపిరి పీల్చుకున్నారు. గుమ్మంలో పట్టాలంటే రంపాన్ని పక్కకి ఒరిగించి తిప్పాలి. తిప్పేశాక ఇనుప బల్ల నిలువుగా మధ్యకొచ్చి ఇద్దరికీ అడ్డుగోడ అయింది. ఇటువాళ్ళకి అటు మనిషి కనపడడు.

"పట్టావా బావా?" అన్నాడు బావ అటునుంచి.

కళ్ళద్దాలాయన చేతులు ఇనుప అంచు కింద గట్టిగానే ఉన్నాయి. "ఊ" అన్నాడు.

రంపం లేవలేదు. బల్ల అంచు మీదుగా బావ మొహం పైకి వచ్చింది. నెత్తురు చుక్క లేదు అందులో.

"బావా, ఇప్పుడు నువ్వేమన్నా అన్నావా?"

కళ్ళద్దాలాయన వంగినచోటే తలెత్తి చూశాడు.

"నిజం చెప్పు. నిజంగా అన్నావా, నాకే వినిపించిందా?"

యాభై ఆరేళ్ళ మనిషి, దారి తప్పిన పసివాడిలా అడుగుతున్నాడు. తనేం విన్నాడో తనకు తెలియక, ఎదుటివాణ్ణి అడిగి తెలుసుకుంటున్నాడు. తెలుసుకోడానికి ఈ లోకంలో ఇంకెవరూ దొరకనట్టు తననే అడుగుతున్నాడు. ఇంతకన్నా శిక్ష ఎవరు వేయగలరు?

"అన్నాను. ఇప్పుడు అన్నాను. ఆ రోజు కూడా అన్నాను."

బావ బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగాడు.

"అద్దంలో నా చెయ్యి చూసుకుంటున్నాను బావా. నువ్వడిగావు. పట్టుకోకుండానే ఊ అన్నాను. అందరూ చూస్తుంటే భయమేసి అనలేదన్నాను. మూడు నెలల్నుంచీ రోజూ చెబుదామనుకుంటూనే చెప్పలేదు. నీ చెవులకేం కాలేదు. నీ బుర్రకేం కాలేదు. నాది బావా. తప్పంతా నాది."

బావ మెల్లగా వెనక్కి నడిచి చెక్కల దొంతర మీద కూలబడ్డాడు. మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు.

"అంటే, ఊ ఉంది."

"ఉంది."

"నేను విన్నాను."

"విన్నావు."

బావ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కళ్ళద్దాలాయనకు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళబోయాడు. బావ చెయ్యెత్తి ఆపాడు.

"చెయ్యి విరిగితే విరిగింది, అతుక్కుంది. దానికి కాదు" అన్నాడు, ఇంకా నేల చూస్తూనే. "రోజూ పొద్దున లేవగానే ఈ గోడకెదురుగా నిలబడి పనిముట్ల పేర్లు పైకి చదువుకుంటున్నాను. ఉలి, బాడిస, తోపడా, బరమా. ఎప్పుడైనా ఒకటి చటుక్కున నోటికి రాకపోతే చెమటలు పట్టేవి. మొన్న చెల్లాయిని చూస్తే, దీన్ని కూడా ఎప్పుడో ఒకరోజు ఎవరమ్మా నువ్వు అంటానేమో అనిపించింది. నువ్వు పక్కనే ఉన్నావు బావా. నా చొక్కా గుండీలు పెడుతున్నావు."

క్షమించమని అడగబోయి ఆగిపోయాడు కళ్ళద్దాలాయన. అడిగితే అది కూడా బావ నెత్తి మీద ఇంకో బరువు పెట్టినట్టే అనిపించింది.

బావ లేచాడు. ఫోను తీసి బడివాళ్ళకి చేసి, "వ్యాను పంపకండి. రంపం నాకే కావాలి" అన్నాడు. ఆ గొంతులో మూడు నెలల కిందటి మనిషి తిరిగి వచ్చాడు. తర్వాత చెల్లెలికి చేశాడు. "నాకేం లేదు చెల్లాయ్. శుభ్రంగా ఉన్నాను. లేదు, లేదు, ఏడవకు. మీ ఆయన ఇంటికొచ్చి అంతా చెప్తాడు, విను. ఈసారికి నువ్వు ఊ కొట్టు" అని పెట్టేశాడు.

ఫోను జేబులో వేసుకుని రంపం దగ్గరికొచ్చాడు. "రా. దాని చోట్లో దాన్ని పెట్టాలి" అన్నాడు.

కళ్ళద్దాలాయన తన పక్కకి వెళ్ళాడు. మోకాళ్ళు వంచి, నడుం నిలిపి, రెండు చేతులూ ఇనుప అంచు కిందకి పోనిచ్చి బిగించాడు. మధ్యలో ఇనుప బల్ల. అటు మనిషి కనపడడు.

"పట్టావా?" అన్నాడు బావ. వెనక బావా అనలేదు.

"నాది" అన్నాడు కళ్ళద్దాలాయన, గట్టిగా.

అటునుంచి బరువు లేవలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. బావ రంపం చుట్టూ తిరిగి ఇటు వచ్చాడు. వంగి, ఇనుప అంచు కింద ఆ రెండు చేతులూ ఉన్నాయో లేదో చూశాడు. చూసి, తన చోటికి వెళ్ళి, ఎత్తాడు.